మూడు మీటర్ల వెలుగు

కెమెరా నెత్తిన టక్కుమని లేచే ఆ చిన్న ఫ్లాష్ వెలుగు మూడు మీటర్లు దాటి పెద్దగా పోదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కెమెరాతో వచ్చిన పుస్తకంలో ఆ సంగతి రాసే ఉంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా మిల్టన్‌లో మా ఇంటి బేస్‌మెంట్ అలమరలో ఏళ్ల తరబడి పడి ఉంది. దాన్ని తెరవని నా బద్ధకం వల్ల నష్టపోయింది అమ్మ. హన్మకొండ నుంచి మా దగ్గరికి వచ్చి, ఎండాకాలం మొదలు తొలి మంచు పడేదాకా ఉండి వెళ్లింది. అన్ని నెలల్లో ఆమె ముఖం నిండుగా, కళగా కనిపించే ఫొటో గట్టిగా ఒక్కటి కూడా నేను తీయలేకపోయాను. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడామె అంత దూరం ప్రయాణం చేయలేదు. ఆ రోజులు మళ్లీ రావు, ఆ ఫొటోలూ మళ్లీ తీయలేను. ఇన్నాళ్లూ లోపల దాచుకున్న ఈ మాటని ఇవాళ చెప్పేయాలనిపించింది.

మిల్టన్ టొరంటోకి పడమర దిక్కున, నయాగరా ఎస్కార్ప్‌మెంట్ అనే పొడవాటి రాతి కొండ అంచున ఉంటుంది. 2001 జనాభా లెక్కల్లో 31,471 మంది ఉన్న ఊరు 2021 నాటికి 1,32,979కి పెరిగింది. పొలాలు పోయి వీధులకు వీధులు కొత్త ఇళ్లు లేచాయి. వాటిలో మనవాళ్లవీ చాలానే ఉన్నాయి. కొత్త ఇల్లంటే గృహప్రవేశం, దాని వెంట సత్యనారాయణ వ్రతం, ఆ తర్వాత సీమంతం, బారసాల, పిల్లల పుట్టినరోజులు. శని, ఆదివారాలు వచ్చాయంటే ఎవరో ఒకరి ఇంట్లో ఏదో ఒకటి. "కెమెరా తెస్తున్నావు కదా అక్కా" అని ముందురోజే ఫోన్లు వచ్చేవి. నలుగురిలో మంచి కెమెరా ఉన్నది నా దగ్గరేనని నాకు గొప్పగా ఉండేది. చక్రాన్ని ఆటో గుర్తు దగ్గర పెట్టి, వెనక తెర చూస్తూ, చేతులు చాపి మీట నొక్కేదాన్ని. వెలుగు తక్కువైతే ఫ్లాష్ దానంతటదే లేచేది. అది లేచిందంటే ఇక వెలుగు సంగతి కెమెరా చూసుకుంటుందని నా నమ్మకం.

కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ జోలికే నేను పోలేదు. కెమెరా కొన్న కొత్తలో ఒకసారి చూస్తే లోపల అంతా మసకగా ఉంది. ఇది ఇంతే కాబోలు, ఫొటోగ్రాఫర్లకి అలవాటై ఉంటుంది అనుకుని వదిలేశాను. ఆ కిటికీ పక్కనే గోటితో తిప్పగలిగినంత చిన్న చక్రం ఉంటుంది. డయాప్టర్ అంటారు. చూసేవాళ్ల చూపుకు తగ్గట్టు కిటికీని సర్దుకోవడానికే అది ఉన్నది. లోపల కనిపించే అంకెలు, ఫోకస్ చుక్కలు పదునుగా తేలేదాకా తిప్పుకోవాలి. ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ తిప్పితే కుదరదు, ఎందుకంటే అప్పుడు మసక లెన్స్ వల్ల వచ్చిందో మన చూపు వల్ల వచ్చిందో తేలదు. మా ఇంట్లో మా ఆయన ముందే తన చూపుకు సర్దుకుని పెట్టారు. నాకు మసకగా కనిపించడానికి అదే కారణం. ఆయన్ని ఒక్క మాట అడిగి ఉంటే నిమిషంలో తెలిసేది. అడగలేదు.

దానివల్ల ఏం పోయిందో చెప్తాను. కెమెరాను కంటికి ఆనించినప్పుడు నుదురు, ముక్కు దానికి ఆసరా అవుతాయి. మోచేతులు డొక్కలకు తగులుతాయి. చేతులు కుదురుగా ఉంటాయి. తెర చూడటానికి చేతులు చాపితే ఆ ఆసరా అంతా పోయి కెమెరా ఊగుతుంది. పైగా మా కెమెరా వంటి పాత రకాల్లో తెర మీద చూస్తూ తీస్తే ఫోకస్ కుదరడానికి చాలాసేపు పట్టేది. ఉయ్యాలలో పాప నవ్వేటప్పుడు నొక్కితే, నవ్వు ఆగిపోయాక ఫొటో పడేది. బారసాలల్లో నేను తీసిన ఫొటోల్లో సగం అదిరిపోయినవే. ఆ తల్లులు మర్యాదకు ఏమీ అనలేదు.

అమ్మ వచ్చే ముందు మా ఆయన ఒకరోజు ఎందుకో గమనించి, ఆ చక్రాన్ని నా చూపుకు సర్ది చూపించారు. లోపల అంతా తేటగా కనిపించింది. అప్పట్నుంచి కిటికీలోంచి చూడటం మొదలుపెట్టాను. నా తెలివితక్కువతనం అక్కడితో ఆగితే బాగుండేది. కంటికి అంత చక్కగా కనిపించేసరికి, కనిపించిందల్లా ఫొటోలో పడుతుందని అనుకున్నాను.

సద్దుల బతుకమ్మ ఆ ఏడు మావాళ్లంతా కలిసి ఒక హాల్లో ఆడాం. తంగేడు, గునుగు ఇక్కడ దొరకవు. కానీ సెప్టెంబరులో మిల్టన్ చుట్టూ రోడ్ల పక్కన, బీడు జాగాల్లో గోల్డెన్‌రాడ్ పసుప్పచ్చగా విరగబూస్తుంది. అమ్మ కారులోంచి చూసి "అగో, తంగేడు తీరుగున్నది బిడ్డా" అంది. తెలిసినవాళ్ల పెరటి వెనక కోసుకొచ్చిన ఆ పూలు, దుకాణంలో కొన్న చామంతులు, బంతిపూలు కలిపి అమ్మే బతుకమ్మను పేర్చింది. పైన పసుపు గౌరమ్మను పెట్టింది. హాల్లో నిప్పు వెలిగించనివ్వరు కాబట్టి బ్యాటరీ దీపాలు పెట్టుకున్నాం. ఆట మొదలుకాగానే పెద్ద లైట్లు తీసేశారు. బతుకమ్మల చుట్టూ వలయం కట్టిన ఆడవాళ్లు, ఒక్క తీరుగా పడుతున్న చప్పట్లు, చీర అంచుల మీద దీపాల పసుపు కాంతి. వలయానికి అవతలి వైపు అమ్మ. ఎన్నేళ్ల తర్వాతో పాట అందుకుని, వంగుతూ లేస్తూ, మోకాళ్ల సంగతే మరిచిపోయి ఆడుతోంది. ఇదంతా కిటికీలో నాకు కనిపించింది. జూమ్ తిప్పి ఆమెను దగ్గరికి తెచ్చుకుని మీట నొక్కాను. ఫ్లాష్ పడింది. ఆట అయ్యేదాకా నొక్కుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చి చూస్తే మా వైపున్న ఆడవాళ్ల వీపులు సున్నం వేసినట్టు తెల్లగా పడ్డాయి. దీపాలు వెలుగుతున్నట్టే లేవు. అవతలి వరస చీకట్లో కలిసిపోయింది. అమ్మ ఉండాల్సిన చోట కళ్లద్దాల మీద రెండు మెరుపులు తప్ప ఏమీ లేదు. ఫొటో అడుగున అర్ధచంద్రాకారంలో ఒక నీడ. లెన్స్ ముందు తొడిగిన హుడ్ ఫ్లాష్‌కి అడ్డొచ్చి పడ్డ నీడ అది. పక్కన మడతకుర్చీల దొంతర కూడా పడింది. కిటికీలో అది నాకు కనిపించలేదు. ఆ రకం కెమెరాల్లో వ్యూఫైండర్ చూపించేది ఫొటోలో పడేదానిలో దాదాపు 95 శాతమే.

ఆ లెక్క ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. ప్రతి ఫ్లాష్‌కి గైడ్ నంబర్ అని ఒక అంకె ఉంటుంది. ఇలాంటి కెమెరాల్లో అమర్చిన ఫ్లాష్‌కి ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగును పట్టుకునే చురుకు, 100 దగ్గర ఉన్నప్పుడు అది 12 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని అపెర్చర్, అంటే లెన్స్ తెరుచుకునే కంత, అంకెతో భాగిస్తే వెలుగు సరిగ్గా చేరే దూరం వస్తుంది. ఎఫ్/4 దగ్గర 3 మీటర్లు. ఎఫ్/5.6 దగ్గర 2 మీటర్ల పైచిలుకు. ఐఎస్ఓ 400కి పెంచితే ఆ దూరం రెట్టింపవుతుంది, అంతే. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతుకు. జూమ్ తిప్పితే అమ్మ నా కంటికి దగ్గరైందే గానీ ఫ్లాష్‌కి అంగుళం కూడా దగ్గర కాలేదు. కెమెరాతో వచ్చే మామూలు లెన్స్‌ని పూర్తిగా జూమ్ చేస్తే అపెర్చర్ ఎఫ్/5.6కి తగ్గిపోతుంది కాబట్టి ఉన్న దూరం కూడా కుదించుకుపోయింది. ఆమెను దగ్గరికి తెచ్చుకున్నానని మురిసిన ఆ పనే ఆమెను ఇంకా చీకట్లోకి నెట్టింది.

అప్పుడైనా ఆ పుస్తకం తెరవాల్సింది. తెరవకుండా నాకు నేనే ఒక సూత్రం చేసుకున్నాను. ఫ్లాష్ చెడ్డది, ఇక వాడకూడదు. చక్రాన్ని ఫ్లాష్ కొట్టేసిన గుర్తు దగ్గర పెట్టి అలాగే వదిలేశాను.

అక్టోబరులో మేపుల్ ఆకులు ఎర్రబారాక అమ్మను రాటిల్‌స్నేక్ పాయింట్‌కి తీసుకెళ్లాం. మా ఊరివాళ్లకి అది ఇంటి ముందు గుట్ట లాంటిది. పైకెక్కితే ఎస్కార్ప్‌మెంట్ అంచు, కింద లోయ, ఆ రాళ్ల సందుల్లో వేళ్లూనుకున్న సీడర్ చెట్లు, నెత్తి మీద రెక్కలు కదపకుండా తిరిగే రాబందులు. అమ్మ నేతచీర మీద నా కోటు వేసుకుని, అంచుకు ఇవతల గోడ దగ్గర నిలబడింది. గాలికి కొంగు ఎగురుతోంది. గుట్ట ఎక్కగలిగానన్న సంతోషం ముఖం నిండా ఉంది. "మీ నాయన ఉంటే ఎంత సంబురపడు" అంది. ఆ మాట అంటున్నప్పుడే మీట నొక్కాను. కిటికీలో ఆమె ముఖంలో ప్రతి గీతా నాకు తెలుస్తోంది.

ఫొటోలో ఆకాశం అద్భుతంగా పడింది. అడవి ఎరుపు, పసుపు అన్నీ పడ్డాయి. ముందు ఒక నల్లని ఆకారం నిలబడి ఉంది. అది అమ్మ. ఆమె వెనక ఉన్న ఆకాశం వెలుగును లెక్కకట్టుకుని కెమెరా దానికి సరిపోయేంతే వెలుగు తీసుకుంది. మన కన్ను అలా కాదు. వెలుతురులోని ఆకాశాన్ని, నీడలోని ముఖాన్ని క్షణంలో సర్దుకుని రెండూ చూడగలదు. ఫ్లాష్ కావలసింది సరిగ్గా అక్కడే. రెండు అడుగులు ముందుకెళ్లి ఆ చిన్న ఫ్లాష్ వేసి ఉంటే ఆమె ముఖం మీది నీడ విచ్చుకునేది. ఫ్లాష్ చీకట్లో వాడేదని అందరం అనుకుంటాం. మన కెమెరాల్లో ఉండే ఫ్లాష్ ఎక్కువగా పనికొచ్చేది పట్టపగలు, మనిషి వెనక వెలుగు ఉన్నప్పుడు. ఆ రోజు చక్రాన్ని మామూలు ఆటో దగ్గర వదిలేసినా ఎదురు వెలుగును గుర్తుపట్టి కెమెరానే ఫ్లాష్ లేపి ఉండేదేమో. దాని నోరు నేనే నొక్కేశాను.

ముఖం నల్లబడటంతో మళ్లీ సూత్రం మార్చాను. మనిషి ముఖం కావాలంటే ఫ్లాష్ ఉండి తీరాలి. నవంబరులో ఒక సాయంత్రం తొలి మంచు పడింది. అమ్మ పుట్టి పెరిగి మంచు చూడటం అదే మొదలు. శాలువా కప్పుకుని డ్రైవ్‌వేలోకి వెళ్లి, అరచేతులు చాపి, రాలుతున్న మంచును పట్టుకుంటోంది. వీధి దీపం వెలుగు ఆమె మీద ఏటవాలుగా పడుతోంది. చాలా అందంగా ఉంది. ఆ వెలుగు చాలు. నేను ఫ్లాష్ లేపాను. ఫొటో నిండా బొల్లి మచ్చల్లా తెల్లని బుడగలు. ఒకటి సరిగ్గా ఆమె ముఖాన్నే మూసేసింది. ముప్పై సెంటీమీటర్ల దూరంలో రాలే మంచు రేణువు మీద, మూడు మీటర్ల దూరంలో ఉన్న ముఖం మీద కన్నా వంద రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది. పదింతల దూరానికి పది పదుల లెక్క. లెన్స్ పక్కనే ఉన్న ఫ్లాష్ ముందుగా వెలిగించేది ఆ రేణువునే.

బతుకమ్మ నాటి దెబ్బకు మందును కొండ మీద వాడాను, కొండ మీది దెబ్బకు మందును మంచులో వాడాను. ఎదురుగా ఉన్న వెలుగు ఎలాంటిదని ఒక్కసారి కూడా అడగలేదు.

అమ్మ వెళ్లాక ఫొటోలన్నీ పంపించాను. హన్మకొండలో ఇంటి గోడకు పెట్టుకోవడానికి ఒకటి పెద్దది చేయించాలని ఆమె స్టూడియోకి పట్టుకెళ్లింది. ఏది చేయించాలో వాళ్లకీ తోచలేదు. రాత్రి ఫోన్లో అడిగింది. "గుట్ట మంచిగున్నది. పూలు మంచిగున్నయి. ఫొటోల నా మొఖమేది బిడ్డా?" నింద లేదు ఆ గొంతులో, నిజంగా తెలియకే అడిగింది. నాకు జవాబు రాలేదు. మర్నాడు ఆ పుస్తకం కవరు చింపాను.

చదువుతూ చదువుతూ ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. ఆ కెమెరాలో లెన్స్‌లోంచి వచ్చిన వెలుగు ఒక అద్దం మీద పడి పైకి మళ్లి మన కంటికి చేరుతుంది. మీట నొక్కగానే ఆ అద్దం పైకి లేస్తుంది, కిటికీ మూసుకుపోతుంది. ఫ్లాష్ వెలిగేది ఆ రెప్పపాటులోనే. అంటే ఫొటోలో పడే ఆ క్షణం ఒక్కటే ఫొటో తీసేవాళ్లకి కనిపించదు. ఫ్లాష్ వెలుగులో అమ్మ ఎలా ఉంటుందో వ్యూఫైండర్ ఎప్పుడూ నాకు చూపించలేదు, చూపించడం దానివల్ల కాదు కూడా. అది చూపించేది ఫ్లాష్ లేని లోకాన్ని. ఫ్లాష్ వేశాక ఏమవుతుందో ముందే మనసులో ఊహించుకోవలసింది నేను. అద్దం లేని కొత్త కెమెరాల్లో వ్యూఫైండర్ కూడా ఒక చిన్న తెరే. పడబోయే వెలుగును అది ముందే చాలావరకు చూపిస్తుంది. అయినా ఇంకా వెలగని ఫ్లాష్‌ని అదీ చూపించలేదు.

మా చిన్నప్పటి హన్మకొండ స్టూడియోలో ఫొటోగ్రాఫర్ ఆ పని చేసేవాడని ఇప్పుడు అర్థమవుతోంది. కెమెరా వైపు పోకముందు ఎదురుగా నిలబడి మా ముఖాల్లోకి చాలాసేపు చూసేవాడు. గొడుగు లైటు జరిపేవాడు, మళ్లీ చూసేవాడు. "గదువ కొంచెం దించమ్మా" అనేవాడు. ముక్కు కింద నీడ ఎక్కడ పడుతుందో, అద్దాల్లో లైటు మెరుస్తుందో లేదో ముందే చూసుకునేవాడు. అంతకు ముందు తరాలకు ఆ గొడుగు లైటు కూడా లేదు. రాజా దీన్‌దయాళ్ (1844–1905) హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జెనానా స్టూడియో నడిపిన కాలంలో స్టూడియోలు పగటి వెలుగు మీదే బతికేవి. మెగ్నీషియం పొడి కాల్చి వెలుగు పుట్టించే పద్ధతి 1880ల చివర్లో వచ్చింది, 1929 ప్రాంతంలో ఫ్లాష్ బల్బు, 1930లలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్. 1964లో ఫోక్ట్‌లాండర్ కంపెనీ తన విట్రోనా కెమెరాలోనే ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ని అమర్చింది. లెన్సులు మార్చుకునే ఎస్ఎల్ఆర్ కెమెరా నెత్తిన అది లేవడం 1987లో పెంటాక్స్‌తో మొదలైంది. అంతమంది బుర్ర పెట్టి చేసిన వస్తువు నా చేతికి సులువుగా వచ్చింది. సులువుగా వచ్చిందని దాన్ని గౌరవించలేదు.

ఇప్పుడు హాల్లో ఆటపాటలకి ఫ్లాష్ మూసేస్తాను. ఎఫ్/1.8 దాకా తెరుచుకునే 50 మిల్లీమీటర్ల చిన్న లెన్స్ కొనుక్కున్నాను. ఎఫ్/5.6తో పోలిస్తే అది దాదాపు పది రెట్లు వెలుగును లోపలికి రానిస్తుంది. ఐఎస్ఓ 3200కి పెంచి, మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తాను. దీపాలు దీపాల్లా పడతాయి. దీపాలూ ముఖాలూ రెండూ కావాలంటే స్లో సింక్ పెడతాను. షట్టర్ కాసేపు తెరుచుకుని హాలు వెలుగును తీసుకుంటుంది, ఫ్లాష్ దగ్గరి ముఖాలను వెలిగిస్తుంది. బయట ఎదురు వెలుగులో ఫ్లాష్ లేపుతాను, దాని బలం ఒక మెట్టు తగ్గిస్తాను, మనిషికి రెండు మీటర్ల లోపు నిలబడతాను. నడినెత్తిన ఎండ ఉంటే ఇంకా దగ్గరికి పోతాను, అపెర్చర్ ఎఫ్/11కి మూసుకున్నప్పుడు ఈ ఫ్లాష్ ఒక మీటరు దాటి చేరదు. హుడ్ తీసేస్తాను. అద్దాలు పెట్టుకున్నవాళ్లను తల కొంచెం వంచమంటాను. కిటికీలో మెరుపు గుర్తు వెలిగేదాకా రెండో ఫొటో నొక్కను, ఫ్లాష్ మళ్లీ నిండటానికి వ్యవధి కావాలి. ఒకటి తీశాక వెనక తెర మీద చూసుకుంటాను. ఆ తెర ఉన్నది దానికే.

ఎండాకాలం వస్తోందంటే మన ఇళ్లకు అమ్మానాన్నలు, అత్తమామలు వస్తారు. మిల్టన్‌లో ఉన్నా, బ్రాంప్టన్‌లో ఉన్నా, ఇంకెక్కడున్నా ఒక మాట వినండి. వాళ్లు విమానం దిగకముందే కెమెరా బయటికి తీయండి. ముందు ఆ చిన్న చక్రం మీ చూపుకు సర్దుకోండి. ఇంట్లో ఒకరిని గోడ ముందు నిలబెట్టి, ఒక మీటరు దూరం నుంచి, మూడు మీటర్ల నుంచి, ఆరు మీటర్ల నుంచి ఫ్లాష్‌తో తీసి చూసుకోండి. తర్వాత గది కిటికీ ముందు, వెలుగు వాళ్ల వెనక ఉండేలా నిలబెట్టి, ఫ్లాష్ లేకుండా ఒకటి, ఫ్లాష్‌తో ఒకటి తీయండి. మీ ఫ్లాష్ ఎంత దూరం పోతుందో అరగంటలో మీకే తెలుస్తుంది. ఈ శనివారమే ఆ అరగంట పెట్టండి.